ఆరో గ్యాలరీ పతంగి పెట్టె

రాత 1, సోమవారం

ఆరో గ్యాలరీకి రావాల్సిన మధ్యాహ్నం మూడింటి గాలిని గాలి మండలి దొంగిలించింది. దొంగతనం మండలిది, చెయ్యి మండలి రూళ్లు అమలు చేసే ఓవర్‌మన్ నర్సింగం సారుది, సుఖం ఒకటో గ్యాలరీది.

ఈ నెల గోడచిట్టా రాసే వంతు నాది కాబట్టి ముందుగా ఈ ముక్క అంటిస్తున్నాను. పాతకాలపు గని కార్మికులు షిఫ్టు దిగేటప్పుడు ఆ రోజు జరిగింది గోడకు రాసి పోయేవాళ్లట. పైన ఎండకు తాళలేక జనం బొగ్గు అయిపోయిన గనుల సొరంగాల్లోకి, అంటే ఈ గ్యాలరీల్లోకి, కాపురాలు దించుకున్నాక కూడా ఆ అలవాటు పోలేదు. పోయిన నెల రాసిన పెద్దమనిషి రోజూ "అంతా క్షేమం" అని రాశాడు. కొమురయ్య మామ ఊపిరాడక నీళ్ల లైన్లో పడిపోయిన రోజు కూడా "అంతా క్షేమం" అనే రాశాడు. నా వంతులో అలాంటి క్షేమాలు ఉండవు.

రోజూ మూడు కొట్టే ముందు నర్సింగం సార్ వచ్చి మా గ్యాలరీ ఇనుప తలుపు మూస్తారు. సందుల్లో లక్క కరిగించి పోసి మండలి ముద్ర కొడతారు. నాలుగింటికి వచ్చి పగలగొడతారు. కోత గంట అంటాం దాన్ని; ఆ గంటసేపు మా గాలి గొట్టం మూతపడి గాలి ఒకటో గ్యాలరీకి మళ్లుతుంది. మండలి సభ్యులు కాపురముండేది అక్కడే, వాళ్లకు మధ్యాహ్నం నిద్ర పట్టాలి. మేం మాత్రం కదలకుండా, మాట్లాడకుండా పడుకుని ఊపిరి పొదుపు చెయ్యాలి. మా నానమ్మ కనకవ్వకు ఊపిరి కంటే మాట కష్టం. "గంట సేపు ఎవలితోని కొట్లాడకుంట మనిషెట్ల బతుకుతదే" అంటుంది.

ఇదంతా చట్టప్రకారమే. గాలి తగాదాలకు జనం తన్నుకుంటుంటే దీపాలు పగిలి మంటలు లేస్తున్నాయని మా తాతల కాలంలో ఒక పద్ధతి పెట్టారు: ఏడాదికోసారి పతంగుల పోటీ. నిజం పతంగులు కావు, వాటికి సరిపడా గాలి మాకెక్కడిది? కంప్యూటర్ ఆటలో. గ్యాలరీకొక కంప్యూటర్ సొంతంగా కట్టుకుని, గోడల్లోంచి పోయే తీగ మీద ఎదుటి గ్యాలరీతో ఆడాలి. ఎవరి దారం తెగితే వాళ్లు ఏడాదంతా రోజుకో గంట గాలి వదులుకోవాలి. పోయినేడు మాదే తెగింది. అంతకు ముందేడూ మాదే.

తెగడం కాదు, ఉడకడం. కంప్యూటర్ మేం కట్టుకున్నా దాన్ని పెట్టే ఇనప్పెట్టె మండలి ఇస్తుంది. దానికి ఫ్యాను ఉండదు. మోటారుతో తిరిగే రెక్క ఏదైనా గాలిని కదిలిస్తుంది, గాలేమో మండలి సొత్తు, కాబట్టి నిషేధం. ఆటలో వీచే గాలికి లెక్కలు వేసీ వేసీ గ్రాఫిక్స్ కార్డు కాగిపోయింది. సగం ఆటలో మా పతంగి ఆకాశానికి మేకు కొట్టినట్టు నిలబడిపోయింది. మా ఆటగాడు ఐలేశు లాగుతూనే ఉన్నాడు. పక్క నుంచి ఒకటో గ్యాలరీ పతంగి తీరిగ్గా వచ్చి కోసుకుపోయింది.

వాళ్ల పెట్టె కూడా అదే కదా అంటారు. అదే. కానీ పోటీ పెట్టేది సరిగ్గా మూడింటికి. అప్పుడు వాళ్ల గది చల్లగా ఉంటుంది, మా గాలితో. అంటే మనల్ని మన గాలితోనే ఓడిస్తున్నారు.

మా తాత ట్రంకుపెట్టెలో దొరికిన, ఒకప్పుడు గాలి కోసం కొట్లాడిన ఊపిరి సంఘం ఏడో కరపత్రంలో ఇలా ఉంది: "కామ్రేడ్స్, దయతో ఇచ్చిన ప్రతి వస్తువునూ విప్పి చూడండి." నేను మండలి పెట్టె విప్పాను. లోపల తుప్పు తప్ప ఏమీ లేదు. ఈసారి పెట్టె నేనే చేస్తాను. రూలు పుస్తకం తిరగేశాను, సొంత పెట్టె కూడదని ఎక్కడా లేదు. పోటీ వచ్చే వారం శుక్రవారం.

రాత 2, గురువారం

పెట్టె నమూనా కుదిరింది. కుదిరేదాకా మూడు రోజులు ఎవరూ నన్ను పలకరించలేదు. అందుకు కృతజ్ఞతలు.

ఫ్యాను లేకుండా గాలి ఎలా కదలాలి అన్నదే చిక్కు. వేడి గాలి తనంతట తనే పైకి పోతుంది, దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. అందుకని పెట్టెను అడ్డంగా కాకుండా నిలువుగా కట్టాలి. గనిలోకి అన్నం తీసుకుపోయే క్యారేజీ గిన్నె చూశారుగా, అలా నాలుగు అరలు, ఒకదాని మీద ఒకటి. అడుగు అరలో పవర్ సప్లై, దాని మీద మదర్‌బోర్డు, ఆ పైన గ్రాఫిక్స్ కార్డు నిలువుగా. అన్నిటికంటే పై అర ఖాళీ. కింద చుట్టూ రంధ్రాలు, మూతకు రంధ్రాలు. కార్డు ఎంత కాగితే గాలి అంత జోరుగా పైకి లేస్తుంది, కింది నుంచి చల్లగాలి అంత జోరుగా లోపలికి వస్తుంది. దాని కోపమే దాన్ని చల్లబరుస్తుంది. నా విషయంలో అలా జరగదని ఐలేశు అన్నాడు.

రేకు ఎక్కడిదని అడగొద్దు. మండలి వాళ్లు పాత గాలి గొట్టం ఒకటి విప్పి మూల పడేశారు. ప్రజల గాలి మోసిన రేకు ప్రజలదే.

బొగ్గుదుమ్ము లోపలికి పోకుండా కింది రంధ్రాలకు పల్చటి గుడ్డ కట్టాలి. వెతికి వెతికి నానమ్మ పాత లంగా చింపాను.

"ఓసీ, అది నా పెండ్లినాటిది" అంది.

"అందుకే పల్చగైంది. ఉద్యమానికి ఇచ్చినట్టు అనుకో."

"ఉద్యమానికి లంగాలెందుకే? మీ తాత గూడ ఉద్యమం జేసిండు, నా లంగా ముట్టలె."

రాత 3, శనివారం

మొదటి పరీక్ష. ఐలేశు గంటకు పైగా ఆడాడు. ఐలేశు గురించి ఒక మాట: అన్నం తినేటప్పుడు ఎడమచేత్తో లేని దారం వదులుతూ ఉంటాడు. పెళ్లి సంబంధం చూడ్డానికి వచ్చినవాళ్లు అది చూసి లేచిపోయారు. అలాంటివాడు.

పతంగి ఒక్కసారి కూడా ఆగలేదు. మూత మీద అరచెయ్యి పెడితే వెచ్చటి గాలి వేళ్ల మధ్య నుంచి లేస్తోంది. నేను పుట్టాక ఎవరూ పంపకుండా తనంతట తానే వచ్చిన గాలి తగలడం అదే మొదటిసారి.

"కన్నీళ్లు వెట్టుకుంటున్నవా?" అన్నాడు ఐలేశు.

"దుమ్ము పడింది. ఆట చూడు."

రాత 4, ఆదివారం

ద్రోహం!

పొద్దున నీళ్ల లైన్‌కి పోయి వచ్చేసరికి ఐలేశు మొహం మాడ్చుకుని కూర్చున్నాడు. ఆట మొదలుపెట్టిన కాసేపటికే పతంగి ఆగింది, తర్వాత కంప్యూటరే ఆరిపోయింది. పెట్టె ముట్టుకుంటే పెనంలా ఉంది. వంగి చూశాను. కింది రంధ్రాలన్నీ, మూత రంధ్రాలన్నీ, ఒక్కటి వదలకుండా, మట్టితో మూసి ఉన్నాయి. పైగా వేలితో నున్నగా అలికారు.

ఎవరి పని అని అడగాలా? నిన్న సాయంత్రం మన గ్యాలరీలో తిరిగిన బయటిమనిషి ఒక్కరే: నర్సింగం సార్. తీగ తనిఖీ అని వచ్చారు. తీగ తనిఖీకి వచ్చినవాళ్లు మా గుమ్మం ముందు అంతసేపు ఎందుకు నిలబడ్డారు?

ఆరో గ్యాలరీ ప్రజలారా, తెలుసుకోండి. నాలుగు అరల పెట్టె, కింద రంధ్రాలు, మీద రంధ్రాలు, ఫ్యాను లేకుండానే కార్డు చల్లబడుతుంది. ఇదీ మన ఆయుధం. దీన్ని చూసి మండలికి చెమటలు పట్టాయి. అందుకే ఓవర్‌మన్ చేత మట్టి కొట్టించింది. నర్సింగం సార్‌కు సిగ్గుంటే మన గ్యాలరీకి వచ్చి జవాబు చెప్పాలి.

రాత 5, సోమవారం

వచ్చారు.

చేతిలో రూలు పుస్తకం, చంకలో నేను నిన్న అంటించిన కాగితం. చింపలేదు, జాగ్రత్తగా ఊడదీసి మడత పెట్టుకొచ్చారు. అది ఇంకా చిరాకు పుట్టించింది.

"భూలక్ష్మీ, ఇది నువ్వే రాసినవా?"

"నేనే. తప్పులుంటే దిద్దండి."

"తప్పు ఒక్కటే ఉన్నది బిడ్డా. నేను మీ పెట్టె ముట్టలె. ముట్టేదుంటే మీ అందరి ముంగట జప్తు చేద్దును గని, దొంగతనంగ మట్టి కొడ్తనా? నాకంత ఓపికున్నదా?"

నేను గట్టిగా ఏదో అనబోయాను. మూలన కూర్చుని బియ్యం ఏరుతున్న నానమ్మ తల ఎత్తకుండానే అంది, "మట్టా? నేను కొట్టిన."

ఐలేశు లేని దారం వదలడం ఆపేశాడు.

"బొక్కలున్నయి గదనే! పెట్టె నిండ బొక్కలే. పోరి ఆగమాగం పనిల మూసుడు మరిచిందనుకున్న. నడుము నొచ్చినా వంగి ఒక్కొక్కటి మూసిన. ఎంత నున్నగొచ్చినయో సూసినవా?"

బయటివాళ్లకు ఇది పిచ్చిలా ఉంటుంది. ఇక్కడ ప్రతి గుమ్మం దగ్గరా తడిమట్టి కుండ ఉంటుంది. గోడలో పగులు కనిపిస్తే గాలి కారిపోతోందని అర్థం, చూసినవాడు మూసి తీరాలి. మాకు అక్షరాల కంటే ముందు నేర్పేది అదే: వేలికి మట్టి, మట్టితో రంధ్రం. నానమ్మ అరవై ఏళ్లుగా మూస్తోంది. నేను ఆమె కళ్ల ముందు ఒక రేకుకు పనిగట్టుకుని రంధ్రాలు పొడిచి, దాన్ని ఇంటి మధ్యలో నిలబెట్టి, పోయి నీళ్ల లైన్లో నిలబడ్డాను. తప్పు ఎవరిదో మీరే చెప్పండి. చెప్పకపోయినా పర్వాలేదు.

నేను ఒక పుల్లతో మట్టి పొడుస్తుంటే నర్సింగం సార్ వంగి చూశారు. "కింద నుంచి వచ్చి మీదికి పోతదా? మంచిగున్నది" అన్నారు. అంటూనే ఆయన వేలు కుండలోకి పోయింది, నేను అప్పుడే తెరిచిన రంధ్రాన్ని మూసేసింది. ఆయనే ఉలిక్కిపడి చెయ్యి వెనక్కి తీసుకున్నారు.

"అలవాటు" అన్నారు.

"మీకు మూయడం అలవాటేలెండి" అన్నాను.

ఆయన నవ్వలేదు. నా కాగితం మళ్లీ మడిచి జేబులో పెట్టుకున్నారు. "ఇది మండలికి ఇయ్యాలె. ఓవర్‌మన్ మీద ఫిర్యాదు గోడకెక్కితే పంపాల్నని రూలున్నది. నువ్వు రాయకపోతే బాగుండు."

ఆయన ఎందుకు అలా అన్నారో నాకు అర్థం కాలేదు.

రాత 6, బుధవారం

అర్థమైంది.

మండలి నా ఫిర్యాదు చదివింది. ఫిర్యాదు కొట్టేసింది. కానీ అందులో నేను పెట్టె కిటుకు మొత్తం నా చేతులతో, నా పెద్దపెద్ద అక్షరాలతో రాసిచ్చాను కదా, అది మాత్రం శ్రద్ధగా చదివింది. ఈ పొద్దున కొత్త రూలు పంపింది. ఉన్నదున్నట్టు ఎక్కిస్తున్నాను:

"పోటీ యంత్రం ఉండే పెట్టె ఆరు వైపులా మూసి ఉండవలెను. ఎచ్చటా రంధ్రము ఉండరాదు. గోడ మందము బొటనవేలి కన్న తక్కువ కారాదు. పోటీకి ముందు ఓవర్‌మన్ స్వహస్తములతో పెట్టెకు లక్క ముద్ర వేయవలెను. ముద్ర పడిన పెట్టెను పోటీ ముగియువరకు తెరచినచో ఓటమిగా పరిగణింపబడును."

రూల్లో మార్పులకు గడువు గురువారం సాయంత్రం. మండలి ఒక రోజు ముందే పని కానిచ్చింది.

అంటే క్యారేజీ పెట్టె పనికిరాదు. బొటనవేలి మందం ఇనుములో, గాలి చొరకుండా మూసి, కార్డును పెడితే ఏమవుతుందో పోయినేడు చూశాం. కొమురయ్య మామ కర్ర పట్టుకుని వచ్చి గోడ చదివి, "ఇంకో ఏడాదేగా బిడ్డా, పండుకుంటం" అని పోయాడు. పోయినవారం నుంచి ఆయన కోత గంటకు చాలా ముందే పడుకుంటున్నాడు, అప్పటికప్పుడు పడుకుంటే ఊపిరి కుదుటపడదని. ఇంకో ఏడాది ఆయన పడుకోగలడా అన్నది నాకు తెలియదు. ఈ ముక్క చింపేద్దామనుకున్నాను. ఉండనీ.

కరపత్రాలన్నీ తిరగేశాను. తొందరపడి శత్రువుకు నమూనా రాసివ్వడం గురించి ఏ సంఘమూ ఏమీ రాయలేదు. ఇంత బుద్ధి తక్కువ పని ఎవరూ చెయ్యరనుకుని ఉంటారు.

రాత 7, గురువారం

అంతా క్షేమం.

రాత 8, శుక్రవారం, పొద్దున

నిన్నటి రాత చూసి కొందరు నా మొహం మీదే ఛీ కొట్టారు. కొట్టనిచ్చాను. రూలు మార్చే గడువు నిన్న సాయంత్రంతో అయిపోయింది. ఇక మండలి గోడచిట్టా ఎంత చదువుకున్నా అక్షరం మార్చడానికి వీల్లేదు. కాబట్టి ఇప్పుడు చదవండి.

బుధవారం కోత గంట. నేను నేల మీద పడుకుని ఆ దిక్కుమాలిన రూలును నోట్లోనే తిట్టుకుంటున్నాను. తిట్టుకోవడానికి ఊపిరి ఖర్చు కాదు. ఆరు వైపులా మూసి ఉండవలెను. చూస్తే, పైన బండ, కింద బండ, అటూ ఇటూ బండ, వెనక గోడ, ముందు ఇనుప తలుపు. రంధ్రము ఉండరాదు. మన గ్యాలరీలో అరవై ఏళ్లుగా నానమ్మలాంటివాళ్లు ఒక్క రంధ్రం మిగలనిచ్చారా? గోడ మందం బొటనవేలి కన్నా తక్కువ కారాదు. మన బండ మందం ఎంతో కొలవడానికి ఎవరి బొటనవేళ్లూ చాలవు. ఓవర్‌మన్ స్వహస్తములతో లక్క ముద్ర వేయవలెను.

తలుపు సందులో లక్క ఇంకా ఆరలేదు. వాసన వస్తోంది.

లేచి కూర్చున్నాను. పక్కనే ఉన్న నానమ్మ కళ్లు ఉరిమింది, కోత గంటలో లేవకూడదు. నేను గుసగుసగా చెప్పాను. ఐలేశు రెండుసార్లు చెప్పించుకున్నాడు.

"అంటే కంప్యూటర్‌కి పెట్టె లేదా?"

"ఉన్నది. మనం అందులోనే ఉన్నాం. మండలే కట్టించింది, రోజూ ముద్ర కూడా కొడుతోంది."

"ఆటగాడు పెట్టె బయట ఉండాల్నని రూలు లేదా?"

"లేదు. పెట్టె ఇంతకంటే పెద్దగా ఉండొద్దనీ లేదు. మనం చిన్న పెట్టెలే చేస్తామని వాళ్ల నమ్మకం."

నిన్న కోత గంటలో పరీక్షించాం. క్యారేజీ అరలన్నీ విప్పేసి, మదర్‌బోర్డునూ కార్డునూ నానమ్మ మంచం మీద ఆరుబయట పెట్టినట్టు పెట్టాం. కార్డు కాగడం మొదలవగానే నానమ్మ కాపురం దిగినప్పుడు పైనుంచి తెచ్చుకున్న తాటాకు విసనకర్ర తీసింది. మోటారుతో తిరిగే రెక్క నిషేధం అన్నారు. నానమ్మకు మోటారు లేదు. నోరుంది గానీ దాని మీద రూలేమీ లేదు.

పతంగి ఆగలేదు. కానీ నానమ్మ చెయ్యి ఆగింది, కాసేపటికే. తర్వాత నేను, నా తర్వాత ఒక చేత్తో ఆడుతూ ఐలేశు. అది కుదరదు. ముగ్గురి చేతులతో గంట దాటలేం. అందుకే ఇది రాస్తున్నాను.

ఇంతమంది కదిలితే గాలి తొందరగా అయిపోదా అని అడుగుతారు. గ్యాలరీ ఈ చివర నుంచి ఆ చివరకు నడిస్తే కాళ్లు నొప్పి పుడతాయి, అంత చోటులో గంటకు కావాల్సిన గాలి ఉంది. ఒక్కసారే అందరూ గుంపుగా మీద పడకపోతే చాలు. గోడ వెంట దూరదూరంగా కూర్చోండి, వంతు వచ్చినప్పుడు లేచి విసరండి, చెయ్యి నొప్పి పుట్టక ముందే పక్కవాళ్లకు ఇవ్వండి. కొమురయ్య మామ విసరకూడదు. తలుపుకు దూరంగా చివరన పడుకుని, మాట్లాడకుండా ఉంటే అదే ఆయన వంతు. ఆయన ఒప్పుకోలేదు, ఐలేశు దారం ఎప్పుడు వదలాలో తాను చెప్తానంటున్నాడు. చూద్దాం.

నర్సింగం సార్‌కు చెప్పాలా వద్దా అని రాత్రంతా వాదించుకున్నాం. చెప్పాం. దొంగచాటు పని ఆయన చెయ్యలేదు, మేం ఎందుకు చెయ్యాలి? ఇందాక తలుపు దగ్గర నిలబెట్టి రూలు చదివి వినిపించాను. ఆయన మీద తప్పుడు ఫిర్యాదు గోడకెక్కించినందుకు క్షమించమని కూడా అడిగాను, అది రూలు కంటే కష్టంగా చదివాను. ఆయన పుస్తకం తీసి మొదటి నుంచి చివరిదాకా చూశారు. చివరి నుంచి మొదటిదాకా చూశారు.

"ముద్ర నేను రోజూ కొట్టేదే" అన్నారు చివరకు. "ఇయ్యాల కొట్టకుంట ఉంటే తప్పయితది. కొడితే మీ పెట్టె ఖాయమైతది."

"అయితే?"

"అయితే ఏంది బిడ్డా, లక్క కరిగించాలె. నాకు చానా పనున్నది."

పోతూ పోతూ తలుపు చట్రంలో సన్నటి పగులు ఒకటి చూశారు. మన కుండలోంచి మట్టి తీసుకుని మూశారు. ఈసారి ఉలిక్కిపడలేదు.

ఆరో గ్యాలరీ ప్రజలారా, ఇదే మన పెట్టె. పొద్దుటి నుంచి గోడలు చూసుకోండి, ఎక్కడ పగులు కనిపించినా మూయండి. ఇన్నేళ్ల అలవాటు ఈ ఒక్క రోజు తనివితీరా తీర్చుకోండి. మంచం మీది కంప్యూటర్ జోలికి మాత్రం రావొద్దు, ముఖ్యంగా నానమ్మా, నువ్వు.

విసనకర్ర లేకపోతే పళ్లెం తెచ్చుకోండి, క్యారేజీ మూత తెచ్చుకోండి, పిల్లల పలక తెచ్చుకోండి. ఏదీ లేకపోతే మండలి రూలు పుస్తకం తెచ్చుకోండి, అట్ట గట్టిది, బాగా విసురుతుంది.

ఈ మధ్యాహ్నం రెండున్నరకల్లా అందరూ తలుపు లోపల, నానమ్మ మంచానికి అటూ ఇటూ గోడ వెంట ఉండాలి. రెండూ ముప్పావుకు నర్సింగం సార్ లక్క పోస్తారు. ఆ తర్వాత ఎంత తట్టినా తలుపు తియ్యం. పెట్టె తెరిస్తే ఓటమి.